ఎడమవైపు అద్దం



ఈ నెల ఒక చిన్న వస్తువును గూర్చి ఆలోచిద్దాం. అది అరచేతికంటె కాస్త పెద్దది. ధర ఎక్కువేమీ కాదు. బిగించడానికి ఒక పూట చాలు. అయినా మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న పాత కార్లలో, జీపుల్లో చాలావాటికి అది లేదు. కుడివైపు, అంటే డ్రైవరు చేతికి దగ్గరగా ఒక అద్దం ఉంటుంది. లోపల నడిమధ్య ఇంకొకటి ఉంటుంది. డ్రైవరు పక్కన కూర్చున్నవారి వైపు మాత్రం ఖాళీ. ఆ ఖాళీని నింపవలసిన ఎడమవైపు అద్దమే ఈ నెల మన సంగతి.

పాత కార్లను ప్రాణంగా చూసుకునేవారు మనలో ఉన్నారు. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసిన అంబాసిడర్ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కారు 1983 డిసెంబరులో వచ్చి, అదే 2014లో ముగిసింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. మద్రాసులో 1961 నుండి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇప్పుడు పెద్ద ఊళ్లలో కూడా అరుదు. ఈ హెరాల్డ్ ఇంగ్లాండులోని ట్రయంఫ్ కంపెనీ బండికి మన దేశపు రూపం. ఆ కంపెనీవారే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఆ కాలపు స్పోర్ట్స్ కార్లకైనా, మన ఇళ్ల ముందు నిలిచిన అంబాసిడర్లకైనా ఈ విషయంలో లోటు ఒకటే. కుడి అద్దంతోనే పని జరుగుతుందని అప్పటివారు అనుకున్నారు. ఆనాటి రోడ్డుకు అది చాలిందేమో. నేటి రోడ్డుకు చాలదు.

ఎడమవైపు ఎవరుంటారు?

మన దేశంలో బండి రోడ్డుకు ఎడమవైపున నడుస్తుంది. డ్రైవరు కుడివైపున కూర్చుంటాడు. ఈ రెండు సంగతులను కలిపి చూడండి. రోడ్డు అంచు ఎడమన ఉంది, డ్రైవరు కన్ను కుడిన ఉంది. అంటే అంచుకు అందరికంటె దూరంగా ఉన్నవాడే బండిని నడుపుతున్నాడు.

ఇక ఆ అంచున ఎవరుంటారు? పెగడపల్లి నుండి జగిత్యాలకో కరీంనగరుకో వెళ్లే దారిలో ఒకసారి లెక్కపెట్టండి. సంచీ వీపున వేసుకొని బడికి పోయే పిల్లలు ఉంటారు. సైకిలు మీద పాల క్యాను కట్టుకున్న మనిషి ఉంటాడు. గొర్ల మంద, దాని వెనుక కాపరి. కూలికి పోయే ఆడవాళ్లు వరుసగా నడుస్తుంటారు. కోతల కాలంలోనైతే వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ఆ కుప్పల మధ్య కాళ్లతో గింజలు తిప్పుతూ మనుషులు తిరుగుతుంటారు. సగం రోడ్డు అలా పోయాక మిగిలిన సగంలోనే రాకపోకలన్నీ జరగాలి. ఎడమ నుండి దూసుకొని ముందుకు పోయే మోటారు సైకిళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

బండికి ఏ వైపు చూపు తక్కువో, బలం లేనివారు నడిచేది కూడా ఆ వైపే. ఈ నెల చెప్పదలచిన మాట ఇదొక్కటే. మిగిలినదంతా ఆ చూపును ఎలా తెచ్చుకోవాలో చెప్పే పని.

ఇక్కడ మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంవారికి ప్రత్యేకంగా ఒక మాట. మన ఇళ్లనుండి గల్ఫ్ దేశాలకు వెళ్లి డ్రైవర్లుగా పనిచేసి వచ్చినవారు చాలామంది. అక్కడ బండి రోడ్డుకు కుడివైపున నడుస్తుంది, డ్రైవరు ఎడమవైపున కూర్చుంటాడు. పక్కసీటు కుడివైపు ఉంటుంది, రోడ్డు అంచు కూడా కుడివైపే. ఏళ్ల తరబడి అంచు కోసం కుడికి చూసిన కన్ను ఇంటికి వచ్చాక కూడా కుడికే పోతుంది. ఇక్కడ చూడవలసింది ఎడమకు. చూద్దామన్నా అక్కడ అద్దం లేకపోతే ఆ కన్ను కొత్త అలవాటు ఎలా నేర్చుకుంటుంది? సెలవు మీద వచ్చి నాన్న పాత కారు తీసే తమ్ముళ్లు దీన్ని తప్పక గమనించాలి.

ముందు మనిషి, తరువాత అద్దం

అద్దం లేని రోజుల్లో ఎడమవైపును ఎవరు చూసేవారు? లారీ ఎక్కినవారికి తెలుసు. క్లీనరు చూసేవాడు. ఎడమ తలుపులోనుండి తల బయటపెట్టి, డొక్కు మీద చేత్తో కొడుతూ “రానీ... రానీ... ఆగాగు, లెఫ్ట్‌ల సైకిలున్నది” అని అరిచేవాడు. బస్సులో ఆ పని కండక్టరుది. అతడు “రైట్” అంటేనే బస్సు కదులుతుంది. కారుకు క్లీనరూ లేడు, కండక్టరూ లేడు. పక్కన కూర్చున్న అమ్మకో పెద్దాయనకో ఆ బాధ్యత తెలియదు. వాళ్లు నిద్రపోవచ్చు, బిడ్డను ఆడిస్తూ ఉండవచ్చు.

ఈ కథ మన దేశానిదే కాదు. 1909లో డొరతీ లెవిట్ అనే ఇంగ్లాండు స్త్రీ కార్లు నడపడాన్ని గూర్చి స్త్రీలకోసం ఒక పుస్తకం రాసింది. ఆమె స్వయంగా పందేల్లో కార్లు నడిపిన మనిషి. బండిలో ఒక చేతి అద్దం పెట్టుకొమ్మని, అప్పుడప్పుడు దాన్ని పైకెత్తి వెనుక వచ్చేవారిని చూసుకొమ్మని ఆమె సలహా ఇచ్చింది. ముఖం చూసుకునే అద్దానికి రోడ్డు మీద పని చెప్పిన తొలివారిలో ఆమె ఒకరు.

రెండేళ్ల తరువాత, 1911 మే 30న, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 500 మైళ్ల పందెం మొదటిసారి జరిగింది. ఆ రోజుల్లో పందెం కారులో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూడా కూర్చునేవాడు. వెనుక ఎవరు వస్తున్నారో చూసి చెప్పడం అతని పనుల్లో ఒకటి. రే హారౌన్ అనే డ్రైవరు మాత్రం బరువు తగ్గుతుందని ఒంటరిగా వచ్చాడు. వెనుక చూసేవాడు లేకుంటే అందరికీ ప్రమాదమని తక్కినవారు అభ్యంతరం చెప్పారు. అతడు తన మార్మన్ కారుకు నాలుగు కడ్డీల మీద ఒక అద్దం బిగించి చూపించాడు. పందెం గెలిచింది అతడే.

ఈ కథలో ఎక్కువమందికి తెలియని భాగం ఒకటి ఉంది. ఆ మైదానపు ఇటుక రోడ్డు మీద అద్దం ఎంతగా అదిరిందంటే, అందులో తనకు సరిగా ఏమీ కనబడలేదని హారౌన్ తరువాతి కాలంలో చెప్పాడు. అద్దం ఉండటం వేరు, అందులో కనబడటం వేరు. మన పనిలో కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఎలాంటి అద్దం కొనాలి?

కుడివైపున్నలాంటి అద్దమే ఇంకొకటి తెచ్చి ఎడమన పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో ఒక చిక్కు ఉంది. ఇంట్లోనే పరీక్షించి చూడండి. చిన్న అద్దాన్ని కంటికి జానెడు దూరంలో పట్టుకోండి. వెనుక గోడ చాలావరకు కనబడుతుంది. అదే అద్దాన్ని చెయ్యి చాచి పట్టుకోండి. గోడలో చిన్న ముక్క మాత్రమే కనబడుతుంది. కారులో కూడా ఇదే జరుగుతుంది. కుడి అద్దం డ్రైవరు కంటికి దగ్గర. ఎడమ అద్దం రమారమి రెండింతల దూరం. గనుక అదే సైజు చదును అద్దం ఎడమన దాదాపు సగం వెడల్పునే చూపిస్తుంది.

అందుకే ఎడమవైపుకు కొంచెం ఉబ్బెత్తు అద్దం మంచిది. పిల్లల బడి పుస్తకంలో దీన్ని కుంభాకార దర్పణం అంటారు. స్టీలు గరిటె వెనుక భాగంలో చూసుకుంటే గది అంతా చిన్నగా కనబడుతుంది కదా, అదే పద్ధతి. ఉబ్బెత్తు అద్దం ఎక్కువ చోటును చూపిస్తుంది. దానికి బదులుగా వస్తువులను చిన్నవిగా చూపిస్తుంది. చిన్నగా ఉన్నది దూరంగా ఉన్నదని మన కన్ను భ్రమపడుతుంది. లారీ ఇంకా దూరంగా ఉందనుకొని పక్కకు తిప్పితే అది అప్పటికే చక్రం దగ్గర ఉంటుంది. అమెరికాలో పక్కసీటువైపు ఉబ్బెత్తు అద్దం మీద, వస్తువులు కనబడేదానికంటె దగ్గరగా ఉన్నాయనే హెచ్చరిక తప్పనిసరిగా రాస్తారు. మన అద్దం మీద రాసి ఉన్నా లేకున్నా మనసులో రాసుకోవాలి. ఎడమ అద్దం “ఎవరో ఉన్నారు” అని చెబుతుంది. “ఎంత దూరంలో ఉన్నారు” అన్నది లోపలి చదును అద్దంలో చూసి నిర్ణయించుకోవాలి.

మారుతి 800 వంటి బండికి ఎడమ అద్దం స్పేర్ పార్టుల దుకాణంలో సులభంగానే దొరుకుతూ వచ్చింది. అంబాసిడరు, పద్మినీలకు కాస్త వెతకాలి. దుకాణంలో అడిగేటప్పుడు “సైడ్ మిర్రర్” అని మాత్రమే అనకండి. “లెఫ్ట్ సైడ్‌ది” అని స్పష్టంగా చెప్పండి. కుడి అద్దాన్ని తిప్పి ఎడమకు పెడితే దాని మెడ తప్పు దిక్కుకు వంగి ఉంటుంది. ఎంత తిప్పినా ఆకాశమో తలుపో కనబడుతుంది.

ఎక్కడ బిగించాలి?

రంధ్రం వేసే ముందు కూర్చొని చూడాలి. రోజూ నడిపే మనిషే డ్రైవరు సీట్లో, తాను మామూలుగా కూర్చునేటట్టు కూర్చోవాలి. పక్కసీట్లో కూడా ఒకరిని కూర్చోబెట్టండి. ఖాళీ సీటు మీదుగా చూసి చోటు నిర్ణయిస్తే, రేపు అక్కడ మనిషి కూర్చోగానే ఆయన భుజం అడ్డం వస్తుంది. బయట ఇంకొకరు అద్దాన్ని చేత్తో పట్టుకొని కొంచెం ముందుకు, కొంచెం వెనుకకు జరుపుతూ ఉండాలి. అంబాసిడరు, పద్మిని కార్లలో ముందు తలుపుకు చిన్న మూల కిటికీ ఉంటుంది. దాని నిలువు కడ్డీ చూపును రెండు ముక్కలు చేయవచ్చు. రెండు మూడు అంగుళాలు జరిపితే ఆ అడ్డం తొలగిపోతుంది. బాగా కనబడిన చోట కాగితపు టేపు అంటించి పెన్సిలుతో గుర్తు పెట్టండి. తరువాత దూరంగా నిలిచి కుడి అద్దంతో పోల్చి చూడండి. కాస్త తేడా ఉంటే అందం కోసం చూపును వదులుకోవద్దు.

పూర్వం కొందరు అద్దాన్ని ముందు మడ్‌గార్డు మీద బిగించేవారు. జపానులో 1983 వరకు ఇదే పద్ధతి. అందులో ఒక లాభం ఉంది. తల ఎక్కువ తిప్పకుండా ముందు అద్దం గుండానే చూడవచ్చు. వానలో వైపరు తుడిచిన చోటనుండే కనబడుతుంది. నష్టమేమంటే, అది కంటికి ఇంకా దూరం గనుక బొమ్మ మరీ చిన్నది. సరిచేయాలంటే ప్రతిసారీ కిందికి దిగాలి. స్టాండర్డ్ హెరాల్డుకు, దాని చుట్టమైన స్పిట్‌ఫైరుకు ఇంకొక చిక్కు ఉంది. వాటి బానెట్టు, రెండు మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్క. ఇంజను చూడాలంటే ఆ ముందు భాగమంతా ముందుకు లేస్తుంది. అంత పెద్ద ముక్క మీద అద్దం పెడితే తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా కదిలిపోతుంది. అలాంటి బండికి తలుపే తగిన చోటు.

జీపుకైతే ముందు అద్దం ఫ్రేము పక్కనున్న బోల్టుల దగ్గర కడ్డీ బిగించి దానికి అద్దం పెట్టడం వాడుక. కడ్డీ ఎంత పొడుగైతే అంత ఊగుతుందని మరువకండి.

బిగించే పద్ధతి

మెకానిక్ చేత చేయించినా దగ్గరుండి చూడండి. మొదట తలుపు లోపలి అట్టను విప్పించాలి. తలుపు రేకు వెనుక కిటికీ అద్దం దిగే దారి ఉంటుంది. గనుక కిటికీ అద్దాన్ని పూర్తిగా పైకి లేపి ఉంచాలి. పెన్సిలు గుర్తు మీద పంచుతో ఒక చిన్న గాటు పెట్టాలి, లేకపోతే డ్రిల్లు బిట్టు జారి రంగు మీద గీత పడుతుంది. ముందు సన్నని బిట్టు, ఆ తరువాతే స్క్రూకు తగిన బిట్టు. బిట్టుకు కొనవద్ద ఒక సెంటీమీటరు వదిలి టేపు చుడితే అది అవసరానికి మించి లోపలికి పోదు.

రంధ్రం పడగానే అద్దం బిగించడానికి తొందరపడకూడదు. ఆ అంచున ఇనుము బట్టలేకుండా ఉంది. ఒక వానాకాలం గడిచేసరికి అక్కడ తుప్పు మొదలై రంగు కింద పాకుతుంది. గనుక రంధ్రపు అంచుకు రెడ్ ఆక్సైడ్ పూసి ఆరనివ్వాలి. అద్దపు అడుగుకు, తలుపుకు మధ్య రబ్బరు ప్యాకింగు తప్పక పెట్టాలి. పాత కారు తలుపు రేకు పలుచన. దాని మీద ఒంటరిగా నిలిచిన అద్దం హారౌన్ అద్దంలాగే అదురుతుంది. అందుచేత రేకు లోపలివైపు చిన్న ఇనుప పట్టీ పెట్టి దాని మీద నట్లు బిగిస్తే గట్టిగా నిలుస్తుంది. ఆ తరువాత కిటికీ అద్దాన్ని మెల్లగా దించి చూడండి. స్క్రూ కొన ఎక్కడైనా గీసుకుంటుంటే అప్పుడే కోయించండి.

కొందరు అంటారు: “ఈ బండి మా తాతగారి జ్ఞాపకం. దాని ఒంటికి రంధ్రం వేయలేను.” ఆ ప్రేమను గౌరవించవలసిందే. తలుపు అంచుకు పట్టుకొని నిలిచే క్లాంపు అద్దాలు ఉన్నాయి, వాటికి రంధ్రం అక్కరలేదు. అయితే అవి వదులవుతుంటాయి, నెలకొకసారి బిగించాలి. పట్టిన చోట రంగు పోకుండా పలుచని రబ్బరు పెట్టాలి. బండి కాలానికి తగిన గుండ్రని క్రోమియం అద్దం ఎంచుకుంటే రూపం కూడా చెడదు.

ఇంకొందరు అంటారు: “ముప్పై ఏళ్లుగా ఇలాగే నడిపాను, ఏమీ కాలేదు.” నిజమే కావచ్చు. కాని ముప్పై ఏళ్లనాడు నిజామాబాదు నుండి కోరుట్ల, జగిత్యాల మీదుగా జగ్దల్‌పూర్ పోయే రోడ్డు మీద ఇన్ని బండ్లు లేవు. నేడు అది 63వ నంబరు జాతీయ రహదారి. నాడు ఎడమ పక్కన సైకిలు మెల్లగా వెనుకబడేది. నేడు ఎడమ పక్కన మోటారు సైకిలు మనకంటె వేగంగా ముందుకు వస్తుంది. డ్రైవరు మారలేదు గాని రోడ్డు మారింది.

సున్నంతో ఒక పరీక్ష

అద్దం బిగించాక దాన్ని సరిగా తిప్పుకోవాలి. అద్దంలో మన కారు పక్క భాగం సన్నని అంచులా మాత్రమే కనబడాలి. సగం అద్దం మన తలుపునే చూపిస్తే ఆ సగం వృథా. రోడ్డు, ఆకాశం కలిసే గీత అద్దానికి దాదాపు నడుమన ఉండాలి.

ఆ తరువాత ఈ పరీక్ష చేయండి. మన యౌవనస్థుల కూటం పిల్లలు ఒక సాయంత్రం ఇష్టంగా చేయగలరు. ఖాళీ స్థలంలో బండి ఆపి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి పెద్దవారి చేతికివ్వండి. డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి. ఒక పిల్లవాడు బండి వెనుక పది పన్నెండు అడుగుల దూరం నుండి ఎడమ పక్కగా మెల్లగా ముందుకు నడవాలి. డ్రైవరు అద్దంలో చూస్తూ “కనబడుతున్నావు” అంటూ ఉండాలి. “కనబడటం లేదు” అన్న చోట నేల మీద సున్నంతో గీత గీయండి. మళ్లీ పక్క కిటికీలోనుండి కనబడిన చోట ఇంకొక గీత. మొదట ఎడమ అద్దాన్ని గుడ్డతో కప్పి ఒకసారి, గుడ్డ తీసి ఇంకొకసారి చేయండి. రెండు గీతల మధ్య నేల ఎంత తగ్గిందో అందరూ కళ్లతో చూస్తారు. అంతకంటె మంచి పాఠం మాటలతో చెప్పలేం.

అదే పరీక్ష ఇంకొక సత్యాన్ని కూడా చూపిస్తుంది. అద్దం పెట్టినా కొంత నేల మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన చోటులో ఒక మనిషి, ఒక సైకిలు పూర్తిగా దాగగలవు. గనుక ఎడమకు తిరిగే ముందు అద్దం చూశాక ఒకసారి తల తిప్పి కూడా చూడాలి. ఇక బండికి సరిగ్గా వెనుక, నేలకు దగ్గరగా కూర్చొని ఆడుకునే చిన్నబిడ్డను ఈ మూడు అద్దాల్లో ఏదీ చూపించలేదు. ఆ మూడేళ్ల పిల్లను అక్కడ కూర్చోబెట్టనక్కరలేదు. ఒక బిందె పెట్టి చూడండి, కనబడదు. ఇంటి వాకిట్లోగాని, ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చే వేళ మందిరపు ఆవరణలోగాని బండి వెనుకకు తీయవలసివస్తే, ఎక్కేముందు చుట్టూ ఒకసారి నడిచి రావాలి. ఒక పెద్దవారు వెనుక నిలిచి, డ్రైవరుకు కనబడే చోటనుండి చెయ్యి చూపాలి. పాత క్లీనరు పని అక్కడ ఇంకా మిగిలే ఉంది.

క్లీనరుకు, అద్దానికి తేడా ఒకటే. క్లీనరు తానే అరుస్తాడు, అద్దం అరవదు. దానివైపు మనం చూసినప్పుడే అది చెబుతుంది. బిగించిన మొదటి వారం కన్ను మరచిపోతుంది. బయలుదేరే ముందు, ఆగే ముందు, ఎడమకు మళ్లే ముందు అని మూడు వేళలు పెట్టుకొని అలవాటు చేసుకోండి. పక్కన కూర్చున్నవారు తలుపు తెరిచే ముందు కూడా డ్రైవరు ఆ అద్దంలో చూసి “ఇప్పుడు దిగండి” అనాలి. వెనుకనుండి వచ్చే సైకిలు మనిషి తలుపుకు గుద్దుకొని పడే ప్రమాదం ఆ ఒక్క మాటతో తప్పుతుంది.

మోటారు సైకిలు కొన్న రోజే అందానికి అడ్డమని అద్దాలు విప్పి అటక మీద పడేసిన అబ్బాయిలు మన ఇళ్లలో ఉన్నారు. వారికి కొత్తగా కొనవలసింది కూడా ఏమీ లేదు. అటక మీదనుండి దించితే చాలు.

ఈ నెలలో మీ ఇంటి బండి ఎడమ పక్కకు వెళ్లి ఒకసారి నిలబడండి. అక్కడ నిలబడిన మిమ్మల్ని డ్రైవరు చూడగలడో లేడో, లోపల కూర్చున్నవారిని అడిగి తెలుసుకోండి.